హనాక్ నడక

లుబోర్ హనాక్ జవోరోవ్ స్టేషన్‌లో రైలు దిగేసరికి మధ్యాహ్నం రెండయింది. పదకొండు గంటల ప్రయాణం. కుడిభుజం పట్టేసి ఉండడంతో పెట్టెను ఎడమచేత్తో దింపుకున్నాడు. ప్లాట్‌ఫారం మీద పదిమంది దాకా పూలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడు కాబోలనుకుని హనాక్ పక్కకు తప్పుకోబోయాడు. అంతలో గడ్డమున్న ఓ నలభయ్యేళ్ల మనిషి ఎదురొచ్చి, "మేష్టారూ, అటెక్కడికి? మేమొచ్చింది మీకోసమే" అన్నాడు.

అతని పేరు హినెక్ దొలెజాల్. మొన్న నవంబరు దాకా పిల్లలకు తోలుబొమ్మలాటలు ఆడించుకునేవాడు. జనం చౌరస్తాల్లో నిలబడి, ఇక ఇంటికి పొమ్మని తాళంచెవులు గలగలలాడించి కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దింపేశాక, నాటకశాల వాళ్లంతా చేతులెత్తి అతన్ని కొత్త డైరెక్టరుగా ఎన్నుకున్నారు. కారులో వెళుతూ గోడల మీది పోస్టర్లు చూపించాడు. "పడవవాడి కూతురు. వాద్య నిర్దేశకత్వం: లుబోర్ హనాక్." అరచేతి మందాన అక్షరాలు.

ఆ పేరు ఈ ఊరి గోడల మీద కనబడి పందొమ్మిదేళ్లయింది. అతను దేశం విడిచిపోయిన వారంలోనే పాత పోస్టర్ల మీద దాన్ని నల్లసిరాతో కొట్టేశారు. అతని రికార్డింగులున్న టేపులు చెరిపేసి వాటి మీద పాడిపంటల ప్రసంగాలు ఎక్కించారని తర్వాత ఎవరో ఉత్తరం రాశారు. ఇప్పుడు తన పేరు అంతంత అక్షరాల్లో చూసి గుండె పొంగాలి. హనాక్‌కి మాత్రం ఎక్కడైనా కాసేపు నడుం వాల్చాలనిపించింది.

సంగతి మొదలైంది ఓ కాగితంతో. రష్యా ట్యాంకులు దేశంలోకి వచ్చిన రెండేళ్లకు నాటకశాలలో ఏరివేతలు మొదలుపెట్టారు. రంగాలంకరణ చేసే ఒక ముసలాయన దేశద్రోహి అని అందరూ సంతకం పెట్టాలన్నారు. అప్పుడు హనాక్ ఆ నాటకశాలకు ముఖ్య నిర్దేశకుడు, అంటే వాద్యబృందాన్ని నడిపేవాడు. వాద్యబృందం అతని వేలు కదిలితే కదిలేది, ఆగితే ఆగేది. ఆ రోజు అతనికి పన్ను సలుపుతోంది. రేపు పెడతాలెమ్మని ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాడు ఆ ముసలాయన మెట్ల మీద ఎదురుపడి ఎప్పటిలాగే టోపీ తీసి నమస్కారం పెట్టాడు. ఆ తర్వాత ఇక సంతకం పెట్టడం అతని వల్ల కాలేదు. దాన్ని ధైర్యమన్నవాళ్లున్నారు. హనాక్ మాత్రం ఎప్పుడూ అలా అనుకోలేదు.

అతని సహాయకుడు ఎవ్జెన్ పొకోరా మాత్రం సంతకం పెట్టాడు. పదేళ్లు చిన్నవాడు, హనాక్ చేతికింద పని నేర్చినవాడు. నెల తిరక్కుండా పొకోరా ముఖ్య నిర్దేశకుడయ్యాడు. హనాక్‌ని ఓ పల్లెటూరి సంగీతం బళ్లో అకార్డియన్ నేర్పమని పంపారు. ఏడాది భరించాడు. మరుసటి వేసవిలో యూనియన్ వాళ్లు యుగోస్లావియా సముద్రతీరానికి విహారయాత్ర వేస్తే పేరిచ్చాడు. అతని భార్య యార్మిలా బృందగానంలో పాడేది. ఇద్దరూ కలిసి వెళ్లాలనీ, అక్కణ్ణుంచి మరి తిరిగి రాకూడదనీ హనాక్ నిశ్చయించాడు. ఓ సాయంత్రం ఆమె వచ్చి తన అర్జీ తోసిపుచ్చారని చెప్పింది. భార్య ఇక్కడుంటే మొగుడు తిరిగొస్తాడని వాళ్ల లెక్క. "నువ్వెళ్లు" అంది. అతను వెళ్లాడు. ఓ తెల్లవారుజామున ద్రాక్షతోటల్లోంచి సరిహద్దు దాటాడు. మూడేళ్లకు ఆమె విడాకుల కాగితం పంపింది, ఉద్యోగం నిలబడాలంటే తప్పదని రెండు వాక్యాలు రాసి. ఆ కాగితం మీద హనాక్ వెంటనే సంతకం పెట్టాడు.

తర్వాతి కాలమంతా జర్మనీలో, ఆల్టన్‌వెర్ట్ అనే నదీతీరపు చిన్న పట్నంలో గడిచింది. అక్కడి మున్సిపల్ నాటకశాలలో అతను మూడో నిర్దేశకుడు. అంటే, మొదటివాడు వద్దన్నదీ రెండోవాడు విసుక్కున్నదీ అతని పాలబడేది. క్రిస్మస్‌కు పిల్లల ఆటలు, వేసవిలో నవ్వుల నాటకాలు, మధ్యాహ్నాలు పాటగాళ్లకు పియానో దగ్గర కూర్చుని పాఠం చెప్పడం. అతని యాసను అనుకరించి వాద్యకారులు నవ్వుకునేవాళ్లు. అతనూ నవ్వేవాడు. ఒక్కసారి మొదటివాడికి జబ్బు చేస్తే పెద్ద ఒపేరా అతని చేతికొచ్చింది. పత్రికలో నాలుగు లైన్లు మెచ్చుకుంటూ రాశారు, పేరు తప్పుగా వేశారు. యాభై అయిదేళ్లప్పుడు ఇంకెక్కడికైనా పోదామని దరఖాస్తులు పెట్టేవాడు. అరవై వచ్చేసరికి మానేశాడు. భుజం పట్టేయడం అప్పుడే మొదలైంది.

అలాంటివాడికి జవోరోవ్ నుంచి పిలుపు వచ్చింది. అది కూడా "పడవవాడి కూతురు" కోసం. ఊరి బడిపంతులొకాయన వందేళ్ల కిందట రాసిన ఒపేరా అది. ఈ ఊళ్లో తప్ప మరెక్కడా ఆడరు. ఇక్కడ మాత్రం కూరగాయల బండివాడికి కూడా అందులో రెండు పాటలు వచ్చు.

రెండో అంకం చివర పడవవాడి కూతురు ఒడ్డున నిలబడి అవతలి గట్టుకు కేకేస్తుంది. అవతలనుంచి జవాబుగా కొమ్ముబూర మోగుతుంది. పిలుపుకీ జవాబుకీ మధ్య ఒక పూర్తి ఆవృత్తం, అంటే తాళం ఒక చుట్టు తిరిగేంతసేపు, నిశ్శబ్దం రాశాడు పంతులు. నలభయ్యో పడిలో ఉన్న హనాక్ ఆ నిశ్శబ్దాన్ని సగానికి సగం మింగేసేవాడు. పిలుపు ఇంకా గాల్లో ఉండగానే కొమ్ముబూర మీదికి దూకేది. ఉరవడికి జనం కుర్చీల అంచులకు జరిగేవాళ్లు. అప్పట్లో అతనికి పేరు తెచ్చింది ఆ ఉరవడే. కానీ ఆల్టన్‌వెర్ట్‌లో, సాయంకాలాలు నది ఒడ్డున నడిచినప్పుడల్లా, తాను చేసింది తప్పేమోననిపించేది. పంతులు రాసినంతసేపూ ఆగాలి. జవాబు వస్తుందో రాదో తెలియకూడదు. మళ్లీ అవకాశం వస్తే అలా చేయాలని ఎన్నో ఏళ్లుగా మనసులో ఉంది.

మొదటి రిహార్సల్‌లో వాద్యకారులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పాతముఖాలు నాలుగో అయిదో ఉన్నాయి, మిగతావాళ్లు అతను వెళ్లేనాటికి బడిపిల్లలు. హనాక్ కూర్చోమని సైగ చేసి, తాళం చూపించే పుల్ల ఎత్తాడు. పది ఆవృత్తాలు వెళ్లేసరికి అతను గుర్తుపట్టాడు. ఎక్కడ ఎగబాకాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అన్నీ అతని పాత పద్ధతే. అతను నెమ్మదించమని చెయ్యి చాపినా బృందం అలవాటైన దారినే పోయింది. పిలుపు దగ్గరికొచ్చింది. చెయ్యి పైకెత్తి ఆపాడు. కొమ్ముబూర ఆగలేదు. మళ్లీ వాయించమన్నాడు. మళ్లీ అంతే. మూడోసారి కొమ్ముబూరవాడు చెమట తుడుచుకుని, "క్షమించండి, పెదవి దానంతటదే పోతోంది" అన్నాడు.

మొదటి వయొలిన్ వాయించే వ్లాస్తా ముప్పై అయిదేళ్ల మనిషి, నిదానస్తురాలు. ఆమె వయొలిన్ ఒళ్లో పెట్టుకుని అంది:

"మేష్టారూ, ఏమీ అనుకోకండి. ఇది మాకు హనాక్ గారి నడక అని నేర్పారు. ఇందులో వెంట్రుకవాసి మారినా పొకోరా గారు ఊరుకునేవారు కాదు."

"ఆ హనాక్ నేనే కదమ్మా."

"అది మాకూ తెలుసండీ. అందుకే ఏం చెయ్యాలో తోచట్లేదు."

అందరూ నవ్వారు. హనాక్ కూడా నవ్వి పావుగంట విరామం ఇచ్చాడు. ఆ పావుగంటలో ఒపేరా స్వరాలన్నీ రాసి ఉన్న పాత స్వరగ్రంథం తిరగేశాడు. తాను పెన్సిల్‌తో పెట్టిన గుర్తులన్నీ రబ్బరుతో చెరిపేసి ఉన్నాయి, పైవాళ్ల ఆజ్ఞ కాబోలు. చెరిపిన ప్రతిచోటా వాటినే మళ్లీ వేరే చేతిరాతతో సన్నగా రాసి పెట్టారు. పొకోరా రాత. హనాక్ పేరెత్తడం నిషేధం కాబట్టి కొత్తగా చేరినవాళ్లకు మొదట్లో "పాత నడక" అనీ, నమ్మకం కుదిరాక చెవిలో "హనాక్ నడక" అనీ చెప్పేవాడట.

సాయంత్రం దొలెజాల్ అతన్ని తన గదికి పిలిచి కాఫీ ఇచ్చాడు. కాసేపు అదీ ఇదీ మాట్లాడి ఒక కాగితం ముందుకు జరిపాడు. పొకోరాను జనవరిలోనే పదవినుంచి దింపేశారు. ఇప్పుడు నాటకశాలనుంచి పూర్తిగా పంపేయడానికి విచారణ పెట్టారు. హనాక్‌ని తరిమేసింది పొకోరాయేనని హనాక్ స్వయంగా రాసిస్తే పని ఒక్కరోజులో తేలిపోతుంది. రాతకోతలన్నీ అయిపోయాయి, కింద సంతకం పెడితే చాలు.

"కక్ష సాధింపు కాదు మేష్టారూ. న్యాయం ఎక్కడో ఒకచోట మొదలుకావాలిగా" అన్నాడు దొలెజాల్. అతని మాటలో కపటం లేదు. కళ్లకింద నల్లటి చారలున్నాయి. ఆరు నెలలుగా సరిగ్గా నిద్రపోయినట్టు లేడు.

హనాక్ చూద్దామన్నాడు. కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున ట్రామెక్కి ఊరిచివర దిగాడు. అక్కడ పట్నంవాళ్లు తలా ఓ చిన్న తోటా, చెక్కగుడిసే వేసుకుంటారు. పొకోరా రబ్బరుబూట్లతో నిలబడి ఆపిల్ చెట్టుకు అంటు కడుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది. హనాక్‌ని చూసి కత్తి మడిచి జేబులో వేసుకున్నాడు. లోపలికి రమ్మని, ప్లమ్ సారా రెండు గ్లాసుల్లో పోశాడు. కొంతసేపు ఇద్దరూ అంటు గురించే మాట్లాడుకున్నారు.

చివరికి హనాక్, "నా గుర్తులు ఎందుకు తిరిగి రాశావు?" అని అడిగాడు.

"నాకు వేరే రాదు మేష్టారూ." పొకోరా గ్లాసును బల్లమీద గుండ్రంగా తిప్పాడు. "మీ కుర్చీ కావాలనుకున్నాను. వచ్చింది. తీరా కూర్చున్నాక చూస్తే, నాలో నా సంగీతం అంటూ ఏదీ లేదు. ఉన్నదంతా మీ దగ్గర విన్నదే. అదైనా చెడగొట్టకుండా ఉంచుదామనుకున్నాను."

"ఇది తెచ్చారు నా దగ్గరికి" అంటూ హనాక్ కాగితం చూపించాడు.

పొకోరా కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. "ఇందులో ఉన్నది నిజమే. ఒకటి తక్కువైంది" అన్నాడు. "మీ యాత్రకు ముందు పైవాళ్లు నన్ను పిలిచి అడిగారు, వీడు తిరిగొస్తాడా అని. భార్యను కూడా పంపితే రాడని రాసిచ్చాను. అందుకే యార్మిలా గారి అర్జీ పోయింది. పన్నెండేళ్ల కిందట ఆమెకు చెప్పాను. మీకు చెప్పడానికి మీరిక్కడ లేరు."

హనాక్ గ్లాసు బల్లమీద పెట్టాడు. కోపం రావాలి. ఎక్కడో అడుగున కదిలింది కూడా. పైకి తెచ్చుకునే ఓపిక అతనిలో లేదు. కాగితం మళ్లీ జేబులో పెట్టుకుని లేచాడు. గేటు దాకా వచ్చిన పొకోరా క్షమించమని అడగలేదు. అడగనందుకు హనాక్‌కి కాస్త నయమనిపించింది.

యార్మిలా ఇంకా ఆ పాత ఇంట్లోనే ఉంటోంది, ఓ గదీ వంటిల్లూ. బృందగానంనుంచి పదవీ విరమణ చేసి ఆరేళ్లయింది. ఇప్పుడు నాటకశాలలో ప్రేక్షకుల కోట్లు తీసుకుని భద్రపరిచే పని చేస్తోంది. ఊళ్లోకి వచ్చినప్పటినుంచీ ఆమెను చూడాలని హనాక్ రోజూ అనుకుంటున్నాడు, రోజూ వాయిదా వేస్తున్నాడు. ఆ రోజు ట్రాము దిగి తిన్నగా అక్కడికే వెళ్లాడు. ఆమె తలుపు తీసి, అతన్ని పైనుంచి కిందికి చూసి, "బూట్లు విప్పు, ఇప్పుడే తుడిచాను" అంది.

గసగసాల బన్నులు, నిమ్మకాయ టీ ముందు పెట్టింది. ఒళ్లు చేసింది, గొంతు కాస్త బొంగురుపోయింది. కూర్చునేటప్పుడు చెయ్యి బల్లమీద ఆన్చే తీరు మాత్రం అదే. హనాక్ పొకోరా చెప్పినదంతా చెప్పాడు. ఆమె అడ్డురాకుండా విని, బల్లమీది గసగసాలు వేలికొసతో ఒక్కచోటికి చేర్చింది.

"పాపం, ఏడుస్తూ చెప్పాడు నాకు కూడా" అంది. "నేనేమీ అనలేదు. అప్పుడే నిజం చెప్పేయాల్సింది."

"ఏం నిజం?"

"నేను అర్జీ పెట్టలేదు లుబోర్."

అతనికి మొదట అర్థం కాలేదు.

"వాళ్లు తోసిపుచ్చడమేంటి, నేనసలు అడిగితేగా. కాయితం తెచ్చుకున్నాను. నాలుగు రోజులు సంచీలోనే పెట్టుకు తిరిగాను. ఆ తర్వాత చింపేశాను. అమ్మ మంచంలో ఉంది. నాకు జర్మన్ ముక్క రాదు. బృందగానంలో మా వరసలో తొమ్మిదిమందిమి. వాళ్లని వదిలి ఎక్కడికో పోయి గిన్నెలు తోముకోవడం నాకిష్టం లేదు."

"నాతో చెప్పొచ్చుగా."

"ఎప్పుడు చెప్పను? నువ్వడిగావా? వచ్చి వెళ్తున్నాం అన్నావు. దుప్పట్లు ఎన్ని పట్టాలో కూడా నువ్వే లెక్కేసేశావు. వస్తావా యార్మిలా, ఉంటావా అని ఒక్కమాట అనుంటే చెప్పేదాన్నే." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఎప్పుడో జరిగిన వరద సంగతి చెబుతున్నట్టుంది. "నే రానంటే నువ్వూ ఆగిపోయేవాడివి. ఆగి, తాగి, రోజూ నా మొహం చూసి ఏడ్చేవాడివి. అందుకే అబద్ధమాడాను. టీ చల్లారిపోతోంది."

హనాక్ టీ తాగాడు. పందొమ్మిదేళ్లుగా తమ ఇద్దర్నీ ప్రభుత్వం విడదీసిందనుకుంటూ ఆ నిప్పు చుట్టూనే చలి కాచుకుంటూ బతికాడు. ఇప్పుడు ఆమె తాపీగా వచ్చి దాన్ని ఆర్పేసినట్టయింది. అయినా లేచిపోవాలనిపించలేదు. సోఫాలో వెనక్కి వాలాడు. ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు, లేచేసరికి మూడు గంటలైంది, మీద దుప్పటి కప్పి ఉంది. వంటింట్లో ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది.

మర్నాడు కాగితం దొలెజాల్ బల్లమీద పెట్టాడు, సంతకం లేకుండా. దొలెజాల్ మొహం వాడిపోయింది. "ఆయన చేసింది మరిచిపోయారా?" అని అడిగాడు.

"మరిచిపోలేదు. నిన్న ఇంకో రెండు సంగతులు తెలిశాయి కూడా. ఎవరి తప్పు ఎంతో విడదీసి రాయడం నావల్ల కాదు బాబూ. విచారణ నువ్వు చేసుకో, అది నీ పని. నాకు మాత్రం ఇలాంటి కాగితాలు చదివితే పన్ను నొప్పి పుడుతుంది."

దొలెజాల్ నవ్వలేదు. ఆ పన్ను సంగతి అతనికి తెలియదు, వేళాకోళానికి అది సమయమూ కాదు.

మిగిలిన రిహార్సళ్లలో హనాక్ ఆ నిశ్శబ్దం కోసం గట్టిగా పట్టుబట్టాడు. బృందం మనసారా ప్రయత్నించింది. ఒకసారి కొమ్ముబూర ఆగితే చెల్లో వాద్యాలు ముందుకు పడ్డాయి, అవి ఆగితే పాడే అమ్మాయి తడబడింది. శుక్రవారం ఆఖరి రిహార్సల్‌లో అతనే పుల్ల కిందికి దించాడు. "మీకు అలవాటైనట్టే వాయించండి. ముసలాణ్ణి, నేనే అందుకుంటాను" అన్నాడు. వ్లాస్తా వయొలిన్ మళ్లీ గడ్డం కింద పెట్టుకుంది.

శనివారం సాయంత్రం నాటకశాలలో ఇసుకేస్తే రాలనంత జనం. హనాక్ వేదిక ముందర వాద్యకారులు కూర్చునే గొయ్యిలోకి నడుస్తుంటే లేచి నిలబడ్డారు, చాలాసేపు కూర్చోలేదు. ఆట మొదలయ్యాక అతను బృందాన్ని నడిపించలేదు, బృందం వెనక నడిచాడు. ముందు వెళ్తున్నది నలభై ఏడేళ్ల లుబోర్ హనాక్. ఎంత చురుకు, ఎంత పొగరు. ఒక్క స్వరం మీదా నిలకడగా నిలవడు, పక్కవాడి మాట పూర్తికాకముందే తనది అందుకుంటాడు. రెండో అంకం చివర పడవవాడి కూతురు కేకేసింది. ఆ కేక ఆవలిగట్టు చేరకముందే కొమ్ముబూర ఠపీమని జవాబిచ్చేసింది. జనం ఊపిరి బిగబట్టారు, తర్వాత చప్పట్లతో పైకప్పు ఎగిరిపోయినంత పనైంది. ఆ పోతున్నవాడు హనాక్‌కి బాగా తెలుసు. ఎవర్నీ జవాబు చెప్పనివ్వని మనిషి. వాడి మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. మూడో అంకానికి భుజం అసలు లేవలేదు. ఎడమచేత్తో కానిచ్చాడు. ఎవరూ గమనించలేదు, వ్లాస్తా తప్ప. ఆమె తన వయొలిన్ కమానుతోనే బృందాన్ని చివరిదాకా లాక్కొచ్చింది.

పొకోరా కనబడలేదు. పై వరసలో నిలబడి చూశాడని ఒకరిద్దరన్నారు, నిజమెంతో తెలియదు. విచారణ వేసవిలో ఏమీ తేలకుండానే ముగిసింది. అతనికి పింఛనిచ్చి పంపేశారు.

దొలెజాల్ ఎంతైనా పెద్దమనసున్నవాడు. ముఖ్య నిర్దేశకుడి పదవి మళ్లీ తీసుకోమని హనాక్‌ని అడిగాడు. హనాక్ రెండు రోజులు ఆలోచించి వద్దన్నాడు. వ్లాస్తాను పక్కకు పిలిచి, నిర్దేశకత్వం నేర్చుకోమని చెప్పాడు. ఆమె సిగ్గుపడి, ఇద్దరు పిల్లల తల్లిని, ఇప్పుడేం నేర్చుకుంటానంది. అయినా ఆ శరదృతువునుంచి వారానికి రెండు రోజులు బ్ర్‌నో నగరానికి పాఠాలకు వెళుతోందని తర్వాత తెలిసింది.

బయలుదేరే రోజు స్టేషన్‌కి యార్మిలా ఒక్కతే వచ్చింది. రైలుకు ఇంకా వ్యవధి ఉంది. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఆమె ఎదురుగా పట్టాల మధ్య మొలిచిన గడ్డిని చూస్తోంది.

"అక్టోబరులో అక్కడ వర్షాలు తగ్గుతాయి" అన్నాడు హనాక్. "ఓ వారం వచ్చి ఉంటావా? రాకపోయినా ఏం లేదు." అని ఆగాడు. చాలాసేపు ఆగాడు.

"చూస్తాను" అంది యార్మిలా.

ఆమె అక్టోబరులో వచ్చింది, తొమ్మిది రోజులుంది. కర్టెన్లు మాసిపోయాయని ఉతికింది, జర్మనీ రొట్టె పుల్లగా ఉందంది, నది బాగుందంది. ఓ మధ్యాహ్నం నాటకశాలకు వచ్చి, అతను పియానో దగ్గర కూర్చుని ఓ కొత్త పాటగాడికి ఒకే వాక్యం ఇరవైసార్లు చెప్పించడం వెనక వరసలోంచి చూసింది. "ఓపిక నేర్చావే" అని మాత్రం అంది. ఉండిపొమ్మని అతను అడగలేదు, ఉంటానని ఆమె అనలేదు. పదో రోజు పొద్దున ఎనిమిదిన్నర బండికి ఎక్కించి, అది మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. పదింటికి పిల్లల ఆటకు రిహార్సల్ ఉంది. భుజానికి నూనె రాసుకుని వెళ్లాలి.